రాజు మొహం మీద బొటనవేలు

సాంతా రోసా ఊరి కొండ కడుపు నిండా వెండే. ఊళ్ళో ఇళ్ళల్లో మాత్రం వెండి లేదు. తవ్వినవాడైనా, మోసినవాడైనా, పొడి కొట్టినవాడైనా సాయంత్రం గేటు దగ్గర నోరు తెరిచి, జుట్టు విప్పి, చెప్పులు దులిపి చూపించాకే ఇంటికి పోవాలి. బ్రిహీదాకు ఉన్న వెండల్లా రెండు చెవిపోగులు. మొక్కజొన్న గింజలో సగం కూడా ఉండవు. తల్లి పోతూ పోతూ చెవుల్లోంచి తీసి ఇచ్చినవి.

అలాంటి ఊళ్ళో కొత్త రాజుగారి పేరు మీద వెండి బిళ్ళలు జనం మీదికి విసురుతారని చాటింపు వేస్తే ఇంక చెప్పేదేముంది. పాత రాజు పోయి ఏడాది దాటింది. ఆ కబురు సముద్రం దాటి, రాజధానిలో పండగలయ్యి, ఈ కొండ ఊరికి వంతు వచ్చేసరికి క్రిస్మస్ కూడా వెళ్ళిపోయింది. రాజుగారి మొహం ఉన్న ఆ బిళ్ళలు రాజధానిలో పోయించారు. ఇక్కణ్ణుంచి బండ్లకెత్తుకు పోయిన వెండి గుప్పెడు బిళ్ళలై తిరిగొచ్చింది. ఆ గుప్పెట్లో పెద్దలకు పోగా జనానికి విసరడానికి మిగిలినవి బహు కొద్ది. చూడ్డానికి నిండుగా ఉండాలని వాటిలో మామూలు చిల్లర కలిపారు.

చర్చి ముందు చెక్కల వేదిక కట్టారు. ఎర్ర తెర పక్కకు లాగితే రాజుగారి పటం కనిపించింది. జెండా పట్టిన పెద్దమనిషి గొంతు చించుకుని, "కాస్తీయ! కొత్త స్పెయిన్! మన ప్రభువు నాలుగో కార్లోస్ కోసం!" అని అరిచి పళ్ళెంలోంచి గుప్పెళ్ళతో విసిరాడు. జనం నేల మీద పడ్డారు. బ్రిహీదా చంటివాణ్ణి శాలువాలో గుండెకు కట్టుకుని, ఎవరి మోచెయ్యి వాడి తలకు తగులుతుందోనని మొగుడి వీపు వెనక నక్కింది. అందుకే ఆమెకు కనిపించింది.

"సిప్రియానో, కదలకు."

"ఏం?"

"కదలకు అంటుంటే. తల వంచకు. నీ టోపీ అంచులో పడింది."

"ఏం పడింది?"

"అరవకు. రాజు."

సిప్రియానో మెడ బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే వేదిక మీదినుంచి రాజుగారి పేరు మళ్ళీ ఎత్తారు. అందరూ టోపీలు తీశారు. తియ్యనివాడు ఒక్కడే కనిపించాడు సిపాయికి.

"ఒరేయ్ పొడుగోడా! నీకు వేరే చెప్పాలా? తియ్యి టోపీ!"

"మా ఆయనకి మెడ పట్టేసింది దొరా, నేను తీస్తాను," అంది బ్రిహీదా. సిప్రియానో నెత్తిన నీళ్ళకుండ ఉన్నవాడిలా నిటారుగా గొంతుక్కూర్చున్నాడు. ఆమె టోపీని రెండు చేతుల్తో, పాలగిన్నె దించినట్టు దించింది.

"మెడ పడితే టోపీ పెళ్ళాం తియ్యాలా?" అని నవ్వాడు సిపాయి.

"మీ ఆవిడ తియ్యదా దొరా? పాపం," అంది బ్రిహీదా. పక్కన ఆడవాళ్ళు ఫక్కుమన్నారు. ఆ నవ్వుల్లో బిళ్ళ ఆమె పిడికిట్లోకి, అక్కణ్ణుంచి చంటివాడి గుడ్డల్లోకి జారిపోయింది.

ఇంటికొచ్చి తలుపు వేసుకుని చూసుకున్నారు. ఒకవైపు రాజు. పెద్ద ముక్కు, రెండు గడ్డాలు, వెనక్కి రిబ్బను కట్టిన జుట్టు. రెండోవైపు ఊరి కొండ, దాని మీద కిరీటం, చుట్టూ అక్షరాలు. బ్రిహీదా రెండేళ్ళు మఠంలో చదువుకుంది, తర్వాత తల్లి జబ్బుతో ఆగిపోయింది. అక్షరాలు కూడబలుక్కుని, "సాంతా రోసా అని మన ఊరి పేరే వేశారు," అని చెప్పింది.

అత్త హసింతా బిళ్ళను కిటికీ వెలుతురులో పట్టుకుని, "బాగా తిన్న మనిషి," అంది.

ఆ మర్నాడే నీళ్ళ దగ్గర హసింతా నోరు ఆగలేదు. సాయంత్రానికి ఆ కబురు దోన్ ఫెర్మీన్ చెవిన పడింది.

దోన్ ఫెర్మీన్ వెండి కళ్ళం మీద పెత్తందారు. కళ్ళమంటే ధాన్యం కళ్ళం లాంటిదే. కాకపోతే నేల మీద పరిచేది రాతిపొడి బురద. అందులో ఉప్పు, పాదరసం చల్లి కంచరగాడిదల చేత, మనుషుల చేత తొక్కిస్తారు. వెండి పాదరసాన్ని పట్టుకుంటుంది. ఆ ముద్దను గుడ్డసంచుల్లో వేసి పిండితే ఎక్కువైన రసం కారిపోతుంది. సిప్రియానో పని ఆ పిండడమే. వాళ్ళ నాన్నదీ అదే పని. చివరి రోజుల్లో పాదరసం ఒంటికెక్కి ఆ మనిషి చెయ్యి ఎంత వణికేదంటే, హసింతా ఆయన మణికట్టుకు ఒక గుడ్డ కట్టి, ఆ గుడ్డను మెడ చుట్టూ తిప్పి రెండో చివర లాగుతూ ఉంటే గానీ జావగిన్నె నోటిదాకా వెళ్ళేది కాదు. నోట్లోంచి ఎప్పుడూ చొంగ. బ్రిహీదా కాపురానికి వచ్చిన కొత్తలో చూసింది అదంతా. అప్పట్నుంచీ సిప్రియానో జావ తాగేటప్పుడు ఆమె ఎక్కడున్నా కళ్ళు గిన్నె అంచు మీదే ఉండేవి. కొడుకు తానో పుట్టాక ఆ చూపు మరీ ఎక్కువైంది.

దోన్ ఫెర్మీన్ తనే గుమ్మంలోకి వచ్చాడు. ఎన్నడూ రాని మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు.

"సిప్రియానో, నీకు దొరికిందటగా."

"దేవుడి దయ దొరా."

"దేవుడి దయ సంగతి తర్వాత. జెండా ఎత్తిన పెద్దమనిషి తన చేత్తో నాకు ఒకటి ఇవ్వాల్సింది. గందరగోళంలో మర్చిపోయారు. నాకు ఇచ్చారనే రాజధానిలో ఉన్న మా అన్నకి రాసేశాను. అర్థమైందా?"

అందరికీ అర్థమైంది. బ్రిహీదా గబుక్కున అందుకుంది. "మా ఆయన్ని కళ్ళం నుంచి తీసెయ్యండి దొరా. పైన గాడిదల సాలలో వెయ్యండి. బిళ్ళ మీదే."

దోన్ ఫెర్మీన్ ఆమెను ఎగాదిగా చూశాడు. "సాలలో రెమీహియో ముసలాడున్నాడు. ఫిబ్రవరిలో దీపాల పండక్కి కూతురి దగ్గరికి వెళ్ళిపోతానంటున్నాడు. పండగ పొద్దున బిళ్ళ తీసుకురండి. పిల్లయేసు ఊరేగింపులో నా మెడలో ఉండాలి. ఆ రోజే నీ మొగుడు సాలకెక్కుతాడు. అంతవరకూ భద్రం."

భద్రం అన్న మాట బ్రిహీదాకు నిద్ర లేకుండా చేసింది. ముందు బిళ్ళను మొక్కజొన్నల గంపలో దాచింది. ఎలుకలు ఈడ్చుకుపోతాయని తీసి ఉప్పుకుండలో పెట్టింది. ఉప్పుకు ఏమవుతుందోనని తీసి గుడ్డలో చుట్టి తానో ఉయ్యాలలో దిండు కింద పెట్టింది. వాడు మింగితే? మళ్ళీ తీసింది. "రాజుకి మనింట్లో నిలకడ లేదు," అనేది హసింతా.

సాయంత్రాలు మాత్రం రాజుకు దర్బారు ఉండేది. సిప్రియానో పనినుంచి రాగానే ఎవరో ఒకరు గుమ్మంలో. తోటి పనివాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు. సిప్రియానో బిళ్ళను గుడ్డలోంచి తీసి, బొటనవేలితో రాజు మొహం తుడిచి, "చూడండి. తాకకండి, చూడండి," అనేవాడు. టోపీ కథ ప్రతిసారీ కొంచెం పెరిగేది. మొదట సిపాయి ఒక్కడే ఉండేవాడు, పోనుపోను బల్లెంతో వచ్చాడు. చెప్పి చెప్పి అలిసి, బిళ్ళ పెళ్ళాం చేతికిచ్చి, కొడుకును ఎత్తుకునేవాడు. వాడికి పళ్ళు వస్తున్నాయి. చిగుళ్ళు దురద. తండ్రి బొటనవేలు నోట్లో పెడితే తప్ప ఏడుపు ఆపేవాడు కాదు.

బ్రిహీదా చుట్టూ చూసింది, దొంగలెవరా అని. వేలివంక చూడలేదు.

దీపాల పండగ ముందురోజు మధ్యాహ్నం ఆకుల్లో చుట్టి ఉడికించే తమాలెలకు పిండి కలిపి పెట్టి, తెల్లారితే దొరకు ఇవ్వాలి కదా, బూడిదతో తోమి మెరిపిద్దామని బిళ్ళ తీసింది. ఎండలోకి తెచ్చి చూసింది. మొదట పొగ పట్టిందనుకుంది. బూడిద రాసింది. పోలేదు. రాజు ముక్కు లేదు. కన్ను ఉన్నచోట పాలమీగడ లాంటి తెల్లటి మచ్చ. గోటితో తాకితే మెత్తగా, వెన్న గీసినట్టు గీత పడింది. మచ్చ సరిగ్గా బొటనవేలంత ఉంది.

"అత్తా!"

హసింతా వచ్చి చూసింది. కళ్ళం ఇంట్లో పుట్టి కళ్ళం ఇంట్లో మెట్టిన మనిషి. ఒక్క క్షణం పట్టింది. "రసం," అంది. "వాడి వేలి గీతల్లో రసం ఉంది. వెండిని తాకితే పట్టుకోకుండా ఉంటుందా?"

బ్రిహీదాకు ఇంకేమీ చెప్పాల్సిన పని లేదు. ఉయ్యాలలో తానో తన పిడికిలి తనే చప్పరిస్తున్నాడు. గడ్డం మీద చొంగ. పళ్ళొచ్చే పిల్లలందరికీ కారుతుంది చొంగ. అది తెలుసు ఆమెకు. తెలిసినా ఉయ్యాల పక్కన కూర్చుంది. వాడి నోరు తెరిచి చిగుళ్ళు చూసింది. ఎర్రగా ఉన్నాయి. ఎర్రగా ఉండటం మంచిదా, చెడ్డదా? ఎవర్ని అడగాలి?

సిప్రియానో వచ్చేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆగు. లోపలికి రాకు. చెయ్యి చూపించు."

"ఏమైందే? వాడేడీ?"

"చెయ్యి."

ఆమె కుడిచెవి పోగు తీసింది. అతని బొటనవేలు పట్టుకుని దాని మీద గట్టిగా రుద్దింది. ఇద్దరూ వంగి చూశారు. మెరుస్తున్న పోగు చూస్తుండగానే తెల్లబడి, చనిపోయిన చేప కన్నులా అయింది. తర్వాత ఆమె గుడ్డ విప్పి రాజును చూపించింది.

"నిప్పు మీద పెడితే రసం ఎగిరిపోతుంది," అన్నాడు సిప్రియానో. "కళ్ళంలో అలాగే చేస్తాం."

"ఎగిరి ఎక్కడికి పోతుంది? వీడి ముక్కులోకా?" అంది హసింతా లోపలినుంచి. "ముక్కు పోయిన రాజుకి ముక్కు మళ్ళీ మొలుస్తుందా?"

సిప్రియానో అలవాటుగా ఉయ్యాల వైపు అడుగేశాడు. బ్రిహీదా అడ్డం నిలబడింది. అతను తన చేతుల వంక చూసుకుని, వాటిని వీపు వెనక పెట్టుకున్నాడు. తానో తండ్రిని చూసి చేతులు చాచి ఏడ్చాడు. ఆ రోజు వాణ్ణి ఎవరూ ఊరుకోబెట్టలేకపోయారు.

పొద్దున్నే బ్రిహీదా ఒక్కతే బయల్దేరింది. సిప్రియానో రానన్నాడు, "జైల్లో వేస్తారు, నువ్వూ పోకు," అన్నాడు. హసింతా మాత్రం, "కొండ ఉన్న వైపు పైకి పెట్టి ఇవ్వు. మాట పుచ్చుకున్నాక గానీ తిప్పనివ్వకు," అని చెప్పింది.

దోన్ ఫెర్మీన్ కొత్త కోటు వేసుకుని అద్దం ముందున్నాడు. బల్ల మీద ఎర్ర రిబ్బను, వెండి చట్రం సిద్ధంగా ఉన్నాయి. ఆయన భార్య దోన్యా లూగార్దా కుర్చీలో చాక్లెట్ తాగుతోంది.

బ్రిహీదా గుడ్డ విప్పి, కొండ పైకి ఉండేలా అరచేతిలో పెట్టి చూపించింది.

"ఆహా," అన్నాడు దోన్ ఫెర్మీన్. "మన కొండ. మన కిరీటం. ఏదీ, ఇలా ఇవ్వు."

"సాల సంగతి దొరా."

"రెమీహియో తెల్లారకముందే వెళ్ళిపోయాడు. నీ మొగుణ్ణి ఎక్కమను. ఇవ్వు." తీసుకుని తిప్పాడు. మొహం రిబ్బను కంటే ఎర్రబడింది. "ఇదేమిటి? రాజుగారి మొహం ఏదీ?"

చెప్పాలని దారంతా అనుకున్న మాటలన్నీ బ్రిహీదా మర్చిపోయింది. "కళ్ళంలో పోయింది దొరా," అంది.

"కళ్ళంలోనా!"

"కళ్ళం మా ఆయన వేలికి అంటుకుని వచ్చింది. మేం చూసుకోలేదు. ఆ వేలే మా వాడి నోట్లో..."

"రాజుగారి మొహం చెరపడమంటే ఏమిటో తెలుసా నీకు? దాన్ని ఏ నేరమంటారో తెలుసా?"

"తెలీదు దొరా. ఏ నేరమైతే ఆ నేరమే. న్యాయాధికారి దగ్గరికి నేనే వెళ్తాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను. వెండి రాజే కొన్నాళ్ళకి ఇలా అయిపోయాడు, మాంసం పిల్లాడి సంగతి ఏమిటని వాళ్ళనే అడుగుతాను. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, చెప్తారు." ఆమె బెదిరించడానికి అనలేదు. నిజంగానే అడగాలని ఉంది. రాత్రంతా అదే ప్రశ్న ఆమెను పట్టుకుని ఉంది.

దోన్యా లూగార్దా కప్పు కింద పెట్టింది. "వెళ్ళనివ్వండి. వెళ్ళి, బిళ్ళ దోన్ ఫెర్మీన్ కి పెద్దమనిషి ఇచ్చింది కాదు, తన మొగుడి టోపీలో పడిందని కూడా చెప్తుంది. మీ అన్నయ్యకి మళ్ళీ ఉత్తరం రాద్దురు గాని."

"నువ్వు ఊరుకో లూగార్దా."

"ఊరుకుంటాను. కానీ ఊరేగింపుకి గంటలు కొడుతున్నారు. వట్టి మెడతో వెళ్తారా, రాజుగారి వీపు కట్టుకుని వెళ్తారా?"

దోన్ ఫెర్మీన్ బిళ్ళ వంక, రిబ్బను వంక, అద్దం వంక చూశాడు. కొండ వైపు నిజంగానే బాగుంది. బిళ్ళను చట్రంలో పెట్టి, వెనక అట్టముక్క అడ్డం పెట్టి మూసేశాడు. బ్రిహీదా వైపు చూడకుండా, "నువ్వింకా ఇక్కడే ఉన్నావా? సాలకి పంపించు వాణ్ణి. ఈ మొహం సంగతి నీ నోట్లోంచి బయటికి వచ్చిందో..." అన్నాడు.

"మొహమే లేదుగా దొరా," అంది బ్రిహీదా. అన్నాక గానీ ఏమన్నదో తెలియలేదు. దోన్యా లూగార్దా దగ్గు వచ్చినట్టు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది.

ఊరేగింపులో దోన్ ఫెర్మీన్ పిల్లయేసు పల్లకీకి కుడిపక్క నడిచాడు. పాదిరీగారు వంగి చూసి, "రాజుగారు ఎటు తిరిగారు?" అని అడిగారు.

"నా గుండె వైపు తిరిగారు పాదిరీగారూ," అన్నాడు దోన్ ఫెర్మీన్.

చుట్టుపక్కల వాళ్ళందరూ మెచ్చుకున్నారు. కొత్త బట్టలు తొడిగిన పిల్లయేసును, తమ తమ పిల్లల్ని దీవెనలకు ఎత్తి పట్టుకున్న ఆడవాళ్ళలో బ్రిహీదా కూడా ఉంది. ఆమె తానోను అందరికంటే ఎత్తుగా పట్టుకుంది, దేవుడికి వాడి నోరు సరిగ్గా కనిపించాలని.

సిప్రియానో సాలకెక్కాడు. వెళ్ళేముందు పాత బట్టలు, చెప్పులు, బిళ్ళ చుట్టిన గుడ్డ అన్నీ వాగవతల గుంత తీసి పాతేశారు. కాల్చనివ్వలేదు బ్రిహీదా. రోజూ బూడిదతో, సున్నపు తేటతో చేతులు తోముకునేవాడు, చర్మం పగిలేదాకా. గాడిద వాసన వేస్తూ ఇంటికొచ్చి గుమ్మంలోనే ఆగేవాడు.

"ఇవాళ చూద్దామా?"

ఆమె ఎడమచెవి పోగు తాకి చూసుకునేది. కుడిచెవికి పుల్ల గుచ్చుకుంది. ఉన్నది ఒక్కటే పోగు. తొందరపడి రుద్ది, అదీ తెల్లబడితే ఇంక చూసుకోవడానికి ఇంట్లో వెండి లేదు. ఊళ్ళోనే లేదు. "ఇంకా కాదు," అనేది.

"అదెప్పుడూ ఇంకా కాదే."

"అవును. ఇంకా కాదు."

"నాన్న వేలికంటే మీ అమ్మ మాట గట్టిదిరా అబ్బాయ్," అని హసింతా మనవడితో అనేది. వాడు తండ్రి వైపు చూసి నవ్వేవాడు. తండ్రి దూరంనుంచే గాడిదలా ఓండ్ర పెట్టి వాణ్ణి నవ్వించేవాడు. అలా ఉపవాస దినాలు గడిచాయి, ఈస్టరు గడిచింది. తానోకు ముందు పళ్ళు వచ్చాయి. చొంగ తగ్గింది. తగ్గింది పళ్ళు వచ్చినందుకే కావచ్చు.

మొదటి వాన పడి వెలిసిన సాయంత్రం తానో గుమ్మం దాకా పాకాడు. ఎవరూ చూడకముందే తండ్రి లాగు కాలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. సిప్రియానో చేతులు రెండూ పైకెత్తేశాడు, సిపాయి తుపాకీ పెట్టినట్టు. వాణ్ణి తాకడు, కదిలితే వాడు పడతాడు.

"బ్రిహీదా! త్వరగా రా! ఏం చెయ్యను?"

బ్రిహీదా వచ్చి చూసింది. ఒక చేత్తో కొడుకును ఒడిసి పట్టుకుని, రెండో చేత్తో చెవిపోగు తీసింది. "బొటనవేలు," అంది.

ఈసారి ఆమె ఇంకా గట్టిగా రుద్దింది. గీతలన్నిట్లోనూ, గోటి మొదట్లోనూ తిప్పి తిప్పి రుద్దింది. ఎండలో పట్టుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళుండి ఏమీ కనిపించలేదు. అత్త చేతికిచ్చింది. హసింతా దాన్ని దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా పెట్టి చూసింది. గోటితో గీసింది. గీత పడలేదు.

"వెండే," అంది.

బ్రిహీదా పోగు తిరిగి చెవికి పెట్టుకుంది. కొడుకును మొగుడి చేతుల్లో పెట్టింది. వాడు చనువుగా తండ్రి చెయ్యి లాక్కుని, బొటనవేలు వెతుక్కుని నోటి దగ్గరికి తీసుకున్నాడు.

"ఎత్తుకో. ఎంతసేపైనా ఎత్తుకో," అంది బ్రిహీదా. "వేలు మాత్రం వద్దు."